నూకమ్మ చెప్పిన మాట

18 జూన్ 1978, ఆదివారం

నూటికి పంతొమ్మిది.

ఇంగ్లీషు పరీక్ష కాగితాలు నిన్న ఇచ్చారు. ట్యూటర్ సిస్టర్ నన్ను ఒక్కదాన్నే ఆపి, తలుపు దగ్గరగా వేసి, చాలాసేపు మెల్లగా మాట్లాడింది. "రత్నం, యు ఆర్ ఎ గుడ్ గర్ల్, బట్" వరకు అర్థమైంది. తర్వాతది ఆమె ముఖం చూసి తెలుసుకున్నాను. చివరికి ఆమే కాగితం మీద రాసి చూపించింది. సెప్టెంబర్, 40. సెప్టెంబరు పరీక్షలో నలభై రాకపోతే నర్సింగు ట్రైనింగులోంచి నా పేరు కొట్టేస్తారు.

పలాసలో పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషు పాఠం కూడా మాస్టారు తెలుగులోనే చెప్పేవారు. అక్కడ క్లాసులో మూడో రాంకు నాది. ఇక్కడ ఇరవై ఇద్దరిలో ఆఖరుదాన్ని. హాస్టల్లో నా పక్క మంచాలవాళ్ళు కేరళ పిల్లలు, రాంచీ మిషన్ బడిలో చదివిన పిల్లలు. పాఠం జరుగుతుంటే వాళ్ళ పెన్నులు ఆగకుండా కదులుతాయి. నాదీ కదుపుతాను. తర్వాత చూసుకుంటే సగం మాటలకు తోకలుండవు.

వార్డులోనూ హాస్టల్లోనూ ఇంగ్లీషే మాట్లాడాలని రూలు. హిందీ అన్నా ఎవరైనా చూసీచూడనట్టు ఊరుకుంటారు గానీ, జంషెడ్‌పూర్ వచ్చి మూడు నెలలే అయిన నాకు అదీ రాదు. అందుకే ఈ పుస్తకం. ఇందులో అయితే మాట మధ్యలో ఆగిపోను.

అమ్మకు ఉత్తరం రాశాను. పరీక్ష బాగా రాశానని రాశాను. రాయడం బాగానే రాశాను కదా, మార్కులు రాలేదంతే. అమ్మ జీడిపిక్కలు కొట్టే కార్ఖానాలో పని చేస్తుంది. ఆ జిడ్డుకి వేళ్ళు నల్లగా కమిలిపోయి, చర్మం ఊడి వస్తుంటుంది. నన్ను ఒక్కరోజు కూడా ఆ గేటు లోపలికి రానివ్వలేదు. వెనక్కి వెళ్తే ఆ గేటే.

21 జూన్

అరచేతిలో ఐదేసి మాటలు రాసుకుని డ్యూటీకి వెళ్తున్నాను. స్వాలో అంటే మింగడం. షాలో అంటే లోతు లేనిది. స్వెల్ అంటే వాపు. స్మెల్ అంటే వాసన. నర్సులు గంటకు పదిసార్లు చేతులు కడుక్కోవాలి. మధ్యాహ్నానికి చేతిలో ఒక్క మాటా మిగలడం లేదు.

25 జూన్, ఆదివారం

వరహాలు మామయ్య కద్మాలో ఆఫీసర్ల క్వార్టర్లకు తీసుకెళ్ళాడు. మామయ్య జీపు నడిపేది నారాయణమూర్తి గారనే ఇంజినీరుకి. ఆయన భార్య సత్యభామ గారు ఎం.ఏ. ఇంగ్లీషు. పెళ్ళికి ముందు కాలేజీలో పాఠాలు చెప్పారట.

మామయ్య గుమ్మం దగ్గరే చేతులు కట్టుకుని నిలబడిపోయాడు. "మా మేనకోడలండి అమ్మగారూ. అన్నీ వచ్చండి దీనికి. ఇంగిలీసు ఒక్కటే అడ్డుపడిపోనాది. కాస్త దారి సూపాలండి."

ఆవిడ నా చేతికి పేపరు ఇచ్చి చదవమన్నారు. ఏదో వంతెన గురించిన వార్త. నాలుగు వాక్యాలకు పావుగంట పట్టింది. ఆవిడ కసురుకోలేదు.

"నువ్వు ఇంగ్లీషు చదవడం లేదమ్మాయ్. ముందు తెలుగు చేసుకుంటున్నావు, దాన్ని మళ్ళీ ఇంగ్లీషు చేసుకుంటున్నావు, అప్పుడు నోరు తెరుస్తున్నావు. అటూ ఇటూ మోసేసరికి సగం ఒలికిపోతోంది" అన్నారు.

ప్రతి ఆదివారం మూడు గంటలకు రమ్మన్నారు. తిరిగి వస్తుంటే జీపులో మామయ్య, "అయిపోనాది పో. ఇంకేటి బయం" అన్నాడు. భయం లేదనే అనిపించింది, మామయ్య వాళ్ళుండే బర్మామైన్స్ సందు మలుపు దాకా.

4 జులై

ఈరోజు ఉష్ణోగ్రతలన్నీ నేనే చదివి చెప్పాను. స్టాఫ్ నర్స్ అన్నమ్మ సిస్టర్ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడమే మెచ్చుకోవడం. కొట్టాయం నుంచి వచ్చి పన్నెండేళ్ళయిందట. నడుస్తుంటే వెనక పరుగెత్తాల్సి వస్తుంది.

కొత్త పేషెంట్ల కేస్ షీట్లు నింపడం మాకు నేర్పిస్తున్నారు. మేం నింపితే స్టాఫ్ నర్స్ సంతకం పెడుతుంది. మొత్తం పదహారు గళ్ళు. తొమ్మిదింటికి నాకు అర్థం తెలుసు. మిగిలినవి పాత షీట్లు చూసి రాస్తున్నాను. కొన్ని గళ్ళలో అందరికీ నిల్ అనే ఉంటుంది. ఏమీ లేదని. మూడే అక్షరాలు, స్పెల్లింగు తప్పిపోయే భయం లేదు.

అర్థం అడగొచ్చు. కానీ ఈ ఉదయం అప్పటికే రెండుసార్లు అడిగాను.

13 జులై, గురువారం

ఇవాళ అందరి ముందూ పరువు పోయింది.

పర్సుడీహ్ నుంచి నూకమ్మ అనే ముసలావిడ చేరింది. సంతలో రేకు తగిలి కాలు తెగి, చీము పట్టి, మోకాలి దాకా వాచిపోయింది. జ్వరం నూటమూడు. కొడుకు తవిటయ్య రిక్షాలో దించి, కంట్రాక్టు పని షిఫ్టుకి టైమైపోతోందని వెళ్ళిపోయాడు. తెలుగు మనిషి కదా అని నన్ను షీటు నింపమన్నారు.

"నీదే ఊరమ్మీ?" అంది.

"పలాస, మామ్మా."

"ఓలమ్మ. మాది టెక్కలి కాడే. మన గుంటవే అయితే." అని నా చెయ్యి పట్టుకుంది. షీటు రాసినంతసేపూ ఎడమ చెయ్యి వదల్లేదు. చెయ్యి కాలిపోతోంది. ఎవరూ దగ్గర లేకుండా చూసి తెలుగులోనే మాట్లాడాను. ఎన్ని రోజులైందో అలా మాట్లాడి.

అంతా అయ్యాక నన్ను కిందికి వంగమని సైగ చేసింది. "ఓ మాటమ్మీ. ఆ సీముకి ఏసే తెల్లమందు సూది ఉంటాది సూడు, అది నాకు పడదు. ఆయేడు టెక్కలి ఆసుపత్రిలో ఏసినారు. ఒల్లంతా దద్దుర్లేసి, ఊపిరాడక, సచ్చి బతికినాను. మా తవిటికి ఎరికే. నువ్వు ఆల్లకి సెప్పు."

"అలాగే మామ్మా, సెప్తాను" అన్నాను.

చెప్పాలంటే పడదు అనే మాట కావాలి. పడడం అంటే ఫాల్. నాకు తెలిసింది అదే. గది ఈ చివరనుంచి ఆ చివరకి నడుస్తూ మనసులో కూర్చుకున్నాను. అన్నమ్మ సిస్టర్ రెండు చేతుల్లోనూ ట్రేలు ఉన్నాయి.

"సిస్టర్, పేషెంట్ సేయింగ్, ఇంజెక్షన్ నాట్ ఫాల్."

"వాట్?"

"ఇంజెక్షన్. నాట్ ఫాల్."

"ఇట్ విల్ నాట్ ఫాల్, మై డియర్. ఐ విల్ హోల్డ్ ఇట్ టైట్" అని వెళ్ళిపోయింది. పక్కనున్న ఇద్దరు పిల్లలూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే అర్థం కాలేదనుకుంటారు.

హాస్టలు మెట్ల మీద ఒకతె నన్ను చూసి "నాట్ ఫాల్" అని, మెట్టు మీద తూలినట్టు నటించింది.

పడదు అన్నదానికి ఇంగ్లీషు మాట ఏమిటో ఆదివారం సత్యభామ గారిని అడగాలి.

14 జులై

నూకమ్మ పోయింది.

ఉదయం తొమ్మిదింపావుకు సూది వేశారు. పది నిమిషాల్లో అయిపోయింది. డాక్టరు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఏవేవో వేశారు.

నేను అక్కడ లేను. బెడ్‌పాన్లు కడగడానికి వెళ్ళాను. నేను వచ్చేసరికి తెర కట్టేశారు.

నేను అక్కడ లేను.

15 జులై

మార్చురీ వరండాలో తవిటయ్య నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. చొక్కా నిండా తుప్పు మరకలు. షిఫ్టులోంచి సరాసరి వచ్చినట్టున్నాడు. డాక్టర్లు హిందీలో ఏదో చెప్పారట. గుండె తట్టుకోలేదని చెప్పారట.

"నువ్వే కదమ్మా తెలుగు గుంటవి. మా అమ్మ కాడ నువ్వే ఉన్నావంట. ఏటి సెప్పింది మా అమ్మ నీకు? సూది గురించి ఏటైనా సెప్పిందా?"

"ఏటీ సెప్పలేదండి" అన్నాను.

"ఏటీ?"

"ఏటీ సెప్పలేదు."

ఆయన తల ఊపాడు. గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. నేను వచ్చేశాను. ఎందుకలా అన్నానో తెలియదు. ఆలోచించుకునే లోపల నోరు అనేసింది. అంత తొందరగా నేను ఏ భాషలోనూ జవాబు చెప్పలేదు.

16 జులై, ఆదివారం

కద్మా వెళ్ళకూడదనుకుని వెళ్ళాను.

సత్యభామ గారు క్రియాపదాలు చెబుతున్నారు. మధ్యలో ఆపి, కాగితం మీద ఒక మాట రాసి అడిగాను. షీటులో పదకొండో గడి మీద ఉండే మాట, నూకమ్మకూ అందరిలాగే నిల్ అని రాసిన గడి. రోజూ చూసేదే కాబట్టి అక్షరాలు గుర్తున్నాయి.

"అలర్జీ. అంటే ఒంటికి పడకపోవడం. మా చిన్నదానికి వంకాయ పడదు, తింటే దద్దుర్లొస్తాయి, అలాంటిది. మందులతో అయితే ప్రాణం మీదికి వస్తుంది. నీకు ముఖ్యంగా తెలియాల్సిన మాట. మంచి ప్రశ్న వేశావు" అన్నారు.

పాఠం నాలుగున్నర దాకా జరిగింది. మధ్యలో ఉప్మా పెట్టారు, తిన్నాను.

17 జులై

ఏ, రెండు ఎల్లులు, ఈ, ఆర్, జి, వై. ఈ మాట స్పెల్లింగు ఒక్కసారికే వచ్చేసింది.

19 జులై

మందు రాసింది డాక్టరు. వేసింది అన్నమ్మ సిస్టర్. ముందు చేతి మీద చుక్క వేసి చూశారట, పొంగలేదని షీటులో రాసి ఉందట. అంటే నేను రాసినా రాయకపోయినా వేసేవారే. షీటు కింద సంతకం అన్నమ్మ సిస్టర్‌ది. సంతకం పెట్టేవాళ్ళు చదివి పెట్టాలి.

నేను చెప్పాను కూడా. చెప్పాను. ఎలా చెప్పానన్నది వేరే సంగతి.

ఆవిడకు అప్పటికే జ్వరం నూటమూడు.

24 జులై, సోమవారం

విచారణ పెట్టారు. ఆ రెండు రోజులూ డ్యూటీలో ఉన్నవాళ్ళంతా జరిగింది ఇంగ్లీషులో రాసి మేట్రన్‌కి ఇవ్వాలి. ఎనిమిది మందిమి.

నిన్న సత్యభామ గారి పాఠం పాసివ్ వాయిస్. పని జరిగిందని చెప్తే చాలు, ఎవరు చేశారో రాయక్కర్లేదట. నేను అయిదు వాక్యాలు రాశాను. పేషెంటు చేర్చుకోబడింది. షీటు నింపబడింది. ఇంజెక్షన్ ఈయబడింది. ఆ సమయంలో నేను వార్డులో లేను. ఇంతకు మించి నాకు తెలియదు.

ఒక్క తప్పూ లేదు. నా పక్క మంచం పిల్ల చూసి, "ఇంప్రూవ్ అయ్యావు రత్నం" అంది.

2 ఆగస్టు

అన్నమ్మ సిస్టర్‌ను పనిలోంచి ఆపేశారు. విచారణ పూర్తయ్యే దాకా రావద్దన్నారు. హిస్టరీ, అంటే పేషెంటు పాత జబ్బుల వివరాలు, సరిగ్గా తీసుకోలేదట, సంతకం ఆమెదే కదా.

సాయంత్రం ఆమె గది ముందు నుంచే నీళ్ళకు వెళ్ళాలి. ట్రంకు పెట్టె తెరిచి ఉంది. మంచం మీద తెల్ల చీరలు మడతలు పెట్టి ఉన్నాయి. నన్ను చూసి లోపలికి పిలిచింది. ఎప్పుడూ లేనిది, నాకు అర్థం కావాలని చాలా మెల్లగా, విడివిడిగా మాట్లాడింది.

"రత్నం. దట్ డే, యు టోల్డ్ మీ సమ్‌థింగ్. ఫాల్. నాట్ ఫాల్. ఐ యామ్ థింకింగ్ అండ్ థింకింగ్. వాట్ ఫాల్?"

నా చేతిలో చెంబు ఉంది.

"నథింగ్, సిస్టర్."

"నథింగ్?"

"నథింగ్."

చాలాసేపు నా ముఖం చూసింది. తర్వాత ఒక చీర తీసి, మడత సరిగ్గానే ఉన్నా విప్పి, మళ్ళీ మడత పెట్టింది. ఊళ్ళో ఇద్దరు చెల్లెళ్ళు నర్సింగు చదువుతున్నారట, ఈమె డబ్బు పంపితేనే. అది నాకు తెలియకపోతే బాగుండేది.

9 ఆగస్టు

పర్సుడీహ్ వెళ్ళాను. మధ్యాహ్నం రెండు గంటలు సెలవు అడిగి.

తవిటయ్య ఇల్లు దొరకలేదని రాద్దామనుకున్నాను. దొరికింది. సంత వెనక పెంకుటింటి వరస, చివరిది. ఆయన గుమ్మం ముందు కూర్చుని ఉన్నాడు. గుండు మీద చిన్నగా జుట్టు మొలిచింది. ఏ పనీ చేయడం లేదు. భార్య కాబోలు, కంచంలో అన్నం తెచ్చి పక్కన పెట్టింది. ఆయన కంచం జరిపేశాడు.

అరటిపళ్ళ బండి పక్కన నిలబడి చూసి వచ్చేశాను.

15 ఆగస్టు

సెలవు. జెండా ఎగరేసి లడ్డూ ఇచ్చారు. తొంభై మాటలు బట్టీ పట్టాను.

20 ఆగస్టు

నూట పది మాటలు. రాత్రీ పగలూ మరో ఆలోచన లేకుండా చదువుతున్నాను. పుస్తకం మూస్తే నూకమ్మ చెయ్యి వేడి తెలుస్తుంది, మోచేతి కింద, పట్టుకున్న చోట.

27 ఆగస్టు, ఆదివారం

సత్యభామ గారికి చెప్పేశాను. చెప్పాలని వెళ్ళలేదు. ఆవిడ నా వ్యాసం దిద్దుతూ, "ఎంత మారిపోయావమ్మాయ్, రెండు నెలల్లో" అన్నారు. ఏడుపొచ్చేసింది. మొదటినుంచీ చెప్పాను. పడదు అన్న మాట దగ్గర ఆవిడ కలం కింద పెట్టేశారు.

లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చారు. గ్లాసు నా చేతిలో పెట్టి ఎదురుగా కూర్చున్నారు.

"చూడు రత్నం. ఆవిడ పోయింది. నువ్వు చెప్పినా రాదు. నీకు పందొమ్మిదేళ్ళు. నీది కావాలని చేసిన తప్పు కాదు, భాష రాకపోవడం తప్పు కాదు. ఆ నర్సు సీనియరు, ఇవాళ కాకపోతే రేపు ఇంకోచోట చేరుతుంది. నిన్ను మాత్రం తీసేస్తారు. అప్పుడేం చేస్తావు?"

"తెలియదండి."

"పరీక్ష తొమ్మిది రోజుల్లో ఉంది. అది రాయి ముందు. తర్వాత ఆలోచిద్దాం."

ఆవిడ చెడ్డ మాట చెప్పలేదు. నేను వినాలని వెళ్ళిన మాటే చెప్పారు. అయినా జీపు ఎక్కాక మామయ్య ఏదో అడుగుతుంటే ఒక్క ముక్క వినపడలేదు.

5 సెప్టెంబరు

పరీక్ష అయింది. పాసేజ్ అంతా అర్థమైంది. తెలుగు చేసుకోకుండానే అర్థమైంది. ప్రశ్నలకు జవాబులు రాస్తుంటే పెన్ను ఒక్కసారి కూడా ఆగలేదు. ఇలాంటి రోజు కోసం ఎంత ఏడ్చాను.

11 సెప్టెంబరు, సోమవారం

నలభై ఆరు.

ట్యూటర్ సిస్టర్ నా తల మీద చెయ్యి పెట్టి, క్లాసంతా చప్పట్లు కొట్టమంది. కొట్టారు. మెట్ల మీద తూలినట్టు నటించిన పిల్ల కూడా కొట్టింది. ఇప్పుడు నాకు ఈ భాష వచ్చు. రాదని చెప్పడానికి లేదు.

ఇంతకాలం నాకు మాట రాలేదనే కదా అనుకున్నాను. ఇప్పుడొచ్చింది.

12 సెప్టెంబరు

నిన్న సాయంత్రం భోజనానికి వెళ్ళకుండా కూర్చుని రాశాను. ఎవరినీ ఏ మాటా అడగలేదు, నిఘంటువు తీయలేదు. ఒక పేజీ, వెనక సగం. నేను ఇంగ్లీషులో ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. పేషెంటు నాతో ఏమన్నదో రాశాను. నేను ఏ గడిలో ఏం రాశానో రాశాను. అన్నమ్మ సిస్టర్‌తో ఎలా అన్నానో, ఆమె ఊరు వెళ్ళబోయే ముందు అడిగితే ఏమీ లేదన్నానని రాశాను. మొదట ఇచ్చిన కాగితం నిజం కాదని రాశాను. ప్రతి వాక్యం ఐ తో మొదలైంది. సత్యభామ గారు చూస్తే బాగుండలేదంటారు.

పొద్దున మేట్రన్ చేతికి ఇచ్చాను. ఆమె నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి చదివింది.

"డిడ్ ఎనీవన్ హెల్ప్ యు?"

"నో, మేడమ్."

"దేర్ ఆర్ ఎలెవెన్ మిస్టేక్స్" అంది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఐ అండర్‌స్టాండ్ ఎవ్రీథింగ్."

వెళ్ళమంది. తలుపు దాకా వెళ్ళాక పిలిచి, ఎందుకు ఇప్పుడు అని అడిగింది. దండం పెట్టి వచ్చేశాను.

20 సెప్టెంబరు

పేరు కొట్టేశారు. అన్నమ్మ సిస్టర్‌కి రమ్మని టెలిగ్రాం ఇచ్చారట. వస్తుందో రాదో ఎవరికీ తెలియదు.

మామయ్య వచ్చి పెట్టె మోసుకెళ్ళాడు.  గేటు దాటాక, "నలబై ఆరు వచ్చినాయి కదే. నలబై సాలన్నారు కదే" అన్నాడు. అదే మాట బర్మామైన్స్ వచ్చే దాకా మూడుసార్లు అన్నాడు. మామయ్య భార్య చిన్నమ్మి అత్త మంచం వాకిట్లోకి జరిపి, మూల నాకు చాప వేసింది.

29 సెప్టెంబరు

అమ్మకు రాయలేదు. రోజూ కార్డు తీస్తాను. ప్రియమైన అమ్మకు, అని రాస్తాను.

పర్సుడీహ్ కూడా వెళ్ళలేదు. మేట్రన్‌కి చెప్పడం తేలికైంది. అది ఇంగ్లీషు.

8 అక్టోబరు, ఆదివారం

ఇవాళ తవిటయ్య వచ్చాడు.

దుర్గాపూజ పందిరి మైకు సందు చివర మోగుతోంది. అందుకని తలుపు కొట్టింది మొదట వినపడలేదు. మామయ్య డ్యూటీలో ఉన్నాడు. అత్త తలుపు తీసి, "నీకోసమేనే" అంది.

చేతిలో కవరు ఉంది. జుట్టు పూర్తిగా మొలిచింది, మనిషి సగమయ్యాడు. వార్డు ఆయా చెప్పిందట, తెలుగు గుంట మానేసి జీపు వరహాలు ఇంట్లో ఉందని.

"ఆసుపత్రోల్లు కాయితం పంపినారు. ఇంగిలీసులో ఉన్నాది. మా కంట్రాక్టు బాబు సదివి, ఏటీ లేదురా, సారీ అని రాసినారు అన్నాడు. ఒక కాయితం నిండా సారీయే రాత్తారా? నువ్వు సదువమ్మా."

అత్త స్టూలు వేసింది. ఆయన కూర్చోలేదు.

టైపు చేసిన ఉత్తరం, ముప్ఫై వరసలు. నేను మొదట లోపల చదువుకున్నాను. ఇప్పుడు తొందరగానే చదవగలను. మూడో పేరాలో ఉంది. చేర్చుకునే సమయంలో, ఆ ఇంజెక్షను తనకు పూర్వం ప్రాణం మీదికి తెచ్చిందని పేషెంటు ఒక విద్యార్థినికి చెప్పినట్టు, ఆమె దాన్ని నమోదు చేయనట్టు విచారణలో తేలింది. పేరు లేదు. నూకమ్మ పేరు కూడా అక్కడ లేదు, పేషెంటు అనే ఉంది.

ఆ ఒక్క పేరా వదిలేసి చదవవచ్చు. ఆయనకు తెలియదు. కంట్రాక్టు బాబు కూడా చెప్పలేదు. చాలా విచారిస్తున్నాం, సంస్థ తరఫున సానుభూతి, ఇలా చదివి కవరు ఇచ్చేస్తే, ఆయన దండం పెట్టి వెళ్ళిపోతాడు.

"ఏటి, అర్థం కావట్లేదా?" అన్నాడు.

"అవుతోందండి" అన్నాను.

మొదటినుంచీ ఒక్కొక్క వాక్యం చదివి తెలుగులో చెప్పాను. మూడో పేరా కూడా. గొంతు మారకుండా చదవాలనుకున్నాను. మైకు హోరులో ఆయనకు సరిగ్గా వినపడలేదు కాబోలు, ముందుకు వంగాడు.

"మల్లీ సదువు, ఆ ముక్క."

మళ్ళీ చదివాను.

"విద్యార్థిని అంటే?"

"నేనేనండి. మామ్మ నాకు సెప్పింది. పడదని సెప్పింది, టెక్కలి సంగతి సెప్పింది. మీకు తెలుసని కూడా సెప్పింది. నాకు ఇంగ్లీషు రాక సరిగ్గా సెప్పలేదు. మీరడిగితే ఏటీ సెప్పలేదన్నాను. అబద్ధం."

అత్త వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది.

ఆయన కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని నేల వంక చూస్తూ మాట్లాడాడు.

"ఆ పొద్దు నాకు డూటీ లేటైపోతన్నాది. ఆజరు పోతాదని బేగి ఎల్లిపోనాను. డాట్రు కాడ ఉండి, ఈ సూది పడదయ్యా మా అమ్మకి అని నాను సెప్పాల. నాకెరికే గదా. నువ్వు ఏటీ సెప్పలేదన్నావు. అయితే అమ్మ మరిసిపోనాది, సెప్పాల్సినోడివి నువ్వేరా, నువ్వే సంపేసినావురా, అనుకున్నాను. మూడు నెల్లై మా ఆడదానికి కూడా సెప్పనేదు. ముద్ద దిగనేదు నాకు."

 క్షమించమనడానికి నోరు తెరిచాను గానీ, అది కూడా ఆయన్నే ఏదో ఇమ్మని అడిగినట్టుంటుందని మూసేశాను.

"ఆ వరండాలో ఒక్క ముక్క. సెప్పింది అంటే సాలు గదా" అన్నాడు. గట్టిగా అనలేదు.

పందిట్లో హారతి డప్పులు మొదలయ్యాయి.  ఆగాక ఆయన తుండుతో ముఖం తుడుచుకున్నాడు.

"జవాబు రాయాల. రాయి."

"ఇంకెవరి చేతనైనా రాయించుకోండి. నేను వద్దండి."

"ఇంకెవలున్నారు నాకు? నువ్వే రాయి. మా అమ్మ మరిసిపోనేదు, సెప్పింది, అని రాయి. ఆల్ల కాయితాల్లో ఉండాల. ఇంకేటీ వద్దు."

కాగితం తెచ్చుకుని, నేల మీద కూర్చుని రాశాను. మై మదర్ డిడ్ నాట్ ఫర్‌గెట్. షి టోల్డ్. అక్కడ ఆగాను. ఎవరికి చెప్పిందో రాయకపోతే ఆ వాక్యం నిలబడదు. ద స్టూడెంట్ నర్స్, రత్నం, అని రాశాను. తెలుగు చేసి వినిపించాను.

ఆయన విని, కాగితం మీదికి వంగాడు. "నీ పేరున్నాది. మా అమ్మ పేరేదీ?"

చూసుకున్నాను. మై మదర్ అని మాత్రమే ఉంది.  మదర్ పక్కన ఖాళీ లేదు. ఆ కాగితం పక్కన పడేసి, ఇంకోటి తీసి మొదటినుంచీ రాశాను. మై మదర్ నూకమ్మ.

"ఎక్కడ? సూపించు."

వేలు పెట్టి చూపించాను. ఆ అక్షరాలు ఆయనకు రావు. అయినా కాగితం వెలుతురు వైపు తిప్పి పట్టుకుని, నేను వేలు పెట్టిన చోటే తన వేలు పెట్టి, పేరు ఎంతవరకు ఉందో అడిగి తెలుసుకుని, ఆ చివరి నుంచి ఈ చివరికి జరిపాడు.

కింద తెలుగులో తవిటయ్య అని సంతకం చేశాడు. వత్తు దగ్గర పెన్ను రెండుసార్లు తిప్పాల్సి వచ్చింది. కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. అత్త టీ ఇవ్వబోతే వద్దని చెయ్యి ఊపాడు.

గుమ్మం దిగి వెళ్ళిపోయాడు.